మాస్టడాన్ సర్వర్‌ను బ్లూస్కైకి బ్రిడ్జ్ చేసేముందు సభ్యుల్ని ఎలా అడగాలి?

ప్రశ్న సారాంశం ఇది: బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ల కోసం నడుపుతున్న చిన్న మాస్టడాన్ సర్వర్, 180 మంది దాకా సభ్యులు (మాస్టడాన్ అంటే వేర్వేరు సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సోషల్ నెట్‌వర్క్). వాళ్ల స్నేహితుల్లో చాలామంది బ్లూస్కై అనే వేరే నెట్‌వర్క్‌కి మారిపోయారు. గ్రూపులో ఇద్దరు డెవలపర్లు సొంతంగా బ్రిడ్జ్, అంటే ఇక్కడి పోస్టులను అక్కడ కాపీ ఖాతాల్లో చూపించే ప్రోగ్రామ్, రాయడం మొదలుపెట్టారు. అన్ని ఖాతాలనూ ఒకేసారి కలిపేసి, వద్దనుకున్నవాళ్లను ఆపుకోమంటే సరిపోదా, పోస్టులు ఎలాగూ పబ్లిక్ కదా అన్నది అడుగుతున్నారు. ఇప్పటికే సొంతంగా కలుపుకున్నవాళ్లను ఏం చేయాలన్నది రెండో ప్రశ్న.

మొదటిదానికి జవాబు: సరిపోదు. ఒక్కొక్కరినీ అడగాలి, జవాబు రాకపోతే వద్దన్నట్టే తీసుకోవాలి. సర్వర్‌లో పోల్ పెట్టి ఎక్కువమంది ఔనన్నారు కాబట్టి అందరినీ కలిపేస్తాం అనడం కూడా కుదరదు. పక్కవాళ్ల ఓటు నా సమ్మతి కాదు.

"ఎలాగూ పబ్లిక్ కదా" అనే వాదన వినడానికి బాగానే ఉంటుంది. చిక్కేమిటంటే పబ్లిక్ అన్న బటన్ రెండుచోట్లా ఒకే పని చేయదు. మాస్టడాన్‌లో పబ్లిక్ పోస్ట్ మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ల సర్వర్లకు, బూస్ట్ చేసి తమవాళ్లకు మళ్లీ పంచినవాళ్ల ద్వారా మరికొన్ని సర్వర్లకు వెళ్తుంది. దాని పదాల కోసం ఎవరైనా వెతికితే దొరకాలా వద్దా అన్నది వేరే సెట్టింగ్. 2023 సెప్టెంబరులో వచ్చిన 4.2 నుంచి సెర్చ్‌కి ఒప్పుకున్నవాళ్ల పోస్టులే అలా దొరుకుతాయి. బ్లూస్కైలో ప్రతి పోస్టూ అందరి పోస్టులనూ పోగుచేసే రిలే అనే సర్వర్ ద్వారా ఫైర్‌హోస్ అనే ఒకే పబ్లిక్ ప్రవాహంలోకి పోతుంది. దాన్ని లాగిన్ కూడా లేకుండా ఎవరైనా వినొచ్చు, దాచుకోవచ్చు, వెతకొచ్చు. అంటే మీ సర్వర్‌లో సెర్చ్ టిక్కు తీసేసుకున్న మనిషిని మీ బ్రిడ్జ్ ఒక్క రాత్రిలో సెర్చ్‌లోకి నెడుతుంది. అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద పెట్టిన కాగితం తీసుకెళ్లి మెజెస్టిక్ బస్టాండులో అంటించి, రెండూ పబ్లిక్ స్థలాలే కదా అన్నట్టు ఉంటుంది.

ఇది కొత్తగా పుట్టిన తగవు కాదు. ర్యాన్ బారెట్ తయారుచేసిన బ్రిడ్జీ ఫెడ్ 2024 ఫిబ్రవరిలో సరిగ్గా మీరు అనుకుంటున్నట్టే, వద్దన్నవాళ్లు తప్పుకునే పద్ధతిలో, బ్లూస్కైకి తలుపు తీయబోతే మాస్టడాన్ వైపు నుంచి పెద్ద గొడవే అయింది. దాంతో ఒప్పుకున్నవాళ్లనే కలిపే పద్ధతికి మార్చారు. ఆ వాదనలో రెండు పక్షాలా న్యాయం ఉంది, అది వేరే సంగతి. మీకు పనికొచ్చేది ఏమిటంటే, ఆ దారి ఎక్కడికి వెళ్తుందో ఇప్పటికే తెలుసు.

సెర్చ్ ఒక్కటే కాదు, సభ్యులు ఊహించని తేడాలు ఇంకా ఉన్నాయి. అడిగేటప్పుడు అవి చెప్పకపోతే వాళ్లిచ్చిన ఔనుకు విలువ లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది బ్లాక్. వైట్‌ఫీల్డ్‌లో పనిచేసే ఒకమ్మాయి తన పాత టీమ్ లీడ్‌ను బ్లాక్ చేసిందనుకోండి. మాస్టడాన్‌లో ఆ సంగతి ఆమె సర్వర్‌కీ, అతని సర్వర్‌కీ తెలుస్తుంది, లోకానికి తెలియదు. బ్లూస్కైలో బ్లాక్ అన్నది ఆమె రిపాజిటరీలో, అంటే ఆమె ఖాతా డేటా అంతా ఉండే చోట, ఉండే పబ్లిక్ రికార్డు. క్లియర్‌స్కై లాంటి సైట్లలో ఎవరు ఎవరిని బ్లాక్ చేశారో పేర్లతో సహా చూడొచ్చు. బ్రిడ్జ్ ఆ బ్లాక్‌ను నిజాయితీగా అనువదిస్తే, ఆమె ఎవరికి భయపడుతోందో లోకానికి చెప్పినట్టే. అనువదించకపోతే అతను బ్లూస్కైలో ఆమె కాపీల కింద రాస్తూనే ఉంటాడు, అది ఆమెకు కనబడను కూడా కనబడదు. రెండింటిలో ఏది నయమో మీరు తేల్చకూడదు. మామూలుగా బ్లాక్ రికార్డు రాయకుండా, ఆ మనిషి నుంచి ఆమెకు వచ్చేవన్నీ బ్రిడ్జ్ దగ్గరే పారేయండి. పబ్లిక్‌గా తెలిసినా ఫర్వాలేదనుకునేవాళ్లకు వేరే స్విచ్ ఇవ్వండి.

తర్వాతది ఎడిట్. మాస్టడాన్‌లో పోస్టు దిద్దితే ఆ మార్పు అప్‌డేట్‌గా మిగతా సర్వర్లకు వెళ్తుంది. బ్లూస్కై యాప్‌లో పోస్టు దిద్దే వసతి లేదు, రికార్డును మార్చినా పాత పాఠమే చూపిస్తుంది. పీజీ గది ఖాళీగా ఉందని ఫోన్ నంబరుతో పోస్టు పెట్టి, గది నిండాక నంబరు తీసేసినవాళ్లు పని అయిపోయిందనుకుంటారు. బ్లూస్కైలో ఆ నంబరు అలాగే ఉంటుంది. అందుకని ఎడిట్ రాగానే అవతలి కాపీని తొలగించి కొత్తది పెట్టడం మేలు. దాని కింద ఉన్న జవాబులు తెగిపోతాయి, తెగనివ్వండి. ఫోన్ నంబరు మిగిలిపోవడం కంటే అది చిన్న నష్టం.

కంటెంట్ వార్నింగ్ మూడోది. మాస్టడాన్‌లో ఏ మాటైనా రాసి దాని వెనక పోస్టును దాచొచ్చు. బ్లూస్కైలో నగ్నత్వం, హింసాత్మక దృశ్యాలు లాంటి కొన్ని స్థిరమైన లేబుళ్లే ఉంటాయి, సొంత మాటలతో పెట్టే మూత లేదు. చాలా బ్రిడ్జ్ కోడ్‌లు వార్నింగ్‌ను మొదటి వాక్యంగా పెట్టి, కింద మొత్తం పాఠాన్ని పరిచేస్తాయి. దాచిన మాట బయటపడుతుంది. వార్నింగ్ ఉన్న పోస్టులో వార్నింగ్ వాక్యాన్నీ, మూల పోస్టు లింకునూ మాత్రమే పంపండి, లోపలి పాఠం వద్దు.

పొడవు గురించి తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఒకటుంది. మాస్టడాన్ మామూలు పరిమితి 500, బ్లూస్కైది 300 గ్రాఫీమ్‌లు (కంటికి ఒక్కో అక్షరంగా కనబడేవి), పైగా 3000 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో కోడ్ పాయింటు, అంటే యూనికోడ్‌లోని ఒక్కో గుర్తు, 3 బైట్లు. గ్రాఫీమ్ లెక్క కూడా లైబ్రరీని బట్టి మారుతుంది. యూనికోడ్ 15.1కి ముందు నియమాలతో "స్త్రీ" మూడుగా తేలుతుంది, 15.1 నుంచి ఒక్కటే. రెండు వైపులా రెండు లెక్కలు వాడితే పోస్టు అవతల తిరస్కరణకు గురవుతుంది. అంతకంటే ప్రమాదకరమైనది కత్తిరింపు. మన వాక్యంలో కాదు, లేదు అన్నవి చివర వస్తాయి. "అసోసియేషన్ వాళ్లు డబ్బు తిన్నారని నేను అనడం లేదు" అన్న వాక్యం "తిన్నారని" దగ్గర తెగితే అది ఆరోపణ అవుతుంది, కింద మీ సభ్యుడి పేరు ఉంటుంది. వాక్యం మధ్యలో ఎప్పుడూ కోయకండి. పూర్ణవిరామం దగ్గర ఆపి లింకు ఇవ్వండి. మొదటి వాక్యమే 300 దాటితే లింకు ఒక్కటే పంపండి.

ఇక చెరిపినా పోనిది: బ్లూస్కై వైపు కాపీ ఖాతా తెరవగానే దానికి డిడ్ అనే ఒక శాశ్వత గుర్తింపు పుడుతుంది. అది పీఎల్‌సీ అనే రకం డిడ్ అయితే ఆ గుర్తింపుకు జరిగిన ప్రతి మార్పూ ఒక పబ్లిక్ లాగ్‌లో ఉంటుంది. హ్యాండిల్ (ఖాతా పేరు) కూడా అందులోనే ఉంటుంది. బ్రిడ్జ్ ఖాతాల హ్యాండిల్‌లో సాధారణంగా సభ్యుడి పేరు, మీ సర్వర్ పేరు రెండూ కలిసి ఉంటాయి. తర్వాత ఖాతా మూసేసినా ఫలానా మనిషి ఫలానా సర్వర్‌లో ఉండేవాడన్న ముక్క ఆ లాగ్‌లో మిగిలే ఉంటుంది. ఇది ముందే చెప్పి తీరాలి.

మీ డెవలపర్లకు చెప్పదలచుకున్నది: 180 మందికి సొంత బ్రిడ్జ్ రాయకండి. సరదాగా నేర్చుకోవడానికి రాయొచ్చు, మనుషుల ఖాతాల మీద నడపడానికి మాత్రం వద్దు. బ్లూస్కై నడిచే ఏటీ ప్రోటోకాల్‌లో ప్రతి రికార్డూ డిజిటల్ సంతకంతో ఉంటుంది. కాపీ ఖాతాలన్నిటి సంతకం కీలు మీ సర్వర్‌లోనే ఉంటాయి కాబట్టి, అది చొరబాటుకు గురైతే 180 మంది పేర్లతో ఎవరైనా ఏదైనా రాయగలరు. ఆ బరువు అవసరం లేదు. బ్రిడ్జీ ఫెడ్ ఉంది, అది ఇప్పుడు అడిగినవాళ్లనే కలుపుతుంది. సభ్యుడు మాస్టడాన్ నుంచి బీస్కై.బ్రిడ్.జీవై (bsky.brid.gy) అనే బాట్ ఖాతాను ఫాలో కావాలి. బాట్ తిరిగి ఫాలో అవుతుంది. ఖాతాకు తాళం వేసి ఉంటే ఆ ఫాలోను ఒప్పుకోవాలి, చాలామంది ఇక్కడే ఆగిపోయి పనిచేయలేదంటారు. బ్లూస్కై నుంచి ఇటు రావాలనుకునేవాళ్లు ఏపీ.బ్రిడ్.జీవై (ap.brid.gy) ఖాతాను ఫాలో కావాలి. మానుకోవాలంటే ఆ బాట్‌ను బ్లాక్ చేయాలి. ఎప్పటికీ వద్దనుకునేవాళ్లు బయోలో నోబ్రిడ్జ్ (#nobridge) అన్న హ్యాష్‌ట్యాగ్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోవాలి. తెలుగు అక్షరాల్లో రాస్తే కోడ్ దాన్ని గుర్తించదు.

రెండు దిక్కులూ వేర్వేరని గమనించండి. మీ సభ్యురాలు అటు వెళ్లడానికి ఒప్పుకుంది కాబట్టి, ఆమె బ్లూస్కై స్నేహితురాలు ఇటు రావడానికి ఒప్పుకున్నట్టు కాదు. బ్లూస్కైలో లాగిన్ లేనివాళ్లకు నా ఖాతా చూపించొద్దు అనే సెట్టింగ్ పెట్టుకున్నవాళ్లను ఇటు లాక్కురావడం మరీ అన్యాయం.

అయినా సొంతంగానే రాస్తాం అంటే, సమ్మతిని ఎలా గుర్తుపెట్టుకుంటారన్న దగ్గరే సగం తప్పులు జరుగుతాయి. యూజర్ టేబుల్‌లో ఔను, కాదు అనే ఒక్క గడి పెడితే చాలదు. వేరే టేబుల్ పెట్టండి. అందులో మనిషి యాక్టర్ చిరునామా (ఆ ఖాతా యూఆర్ఎల్), దిక్కు, ఏ రకం పోస్టులకు ఒప్పుకున్నారు, ఏ నోటీసు చదివి ఒప్పుకున్నారు అన్న వెర్షన్ నంబరు, ఎప్పుడు, ఏ పద్ధతిలో, వెనక్కి తీసుకుంటే ఎప్పుడు అన్నవి ఉండాలి. పాత వరస మీద కొత్తది రాయకండి, కింద కొత్త వరస చేర్చండి. నోటీసు మారి కొత్త పని చేరినప్పుడు, పాత వెర్షన్‌కు ఒప్పుకున్నవాళ్లకు ఆ కొత్త పని ఆగి ఉండాలి. మళ్లీ అడిగాకే తెరవాలి.

సమ్మతి తీసుకోవడానికి బాట్‌ను ఫాలో కావడమే మంచి పద్ధతి. ఫాలో యాక్టివిటీ, అంటే ఫాలో అయినట్టు సర్వర్ పంపే సందేశం, మీద సభ్యుడి కీతో చేసిన డిజిటల్ సంతకం (హెచ్‌టీటీపీ సంతకం) ఉంటుంది, అదే రుజువు. ఆ సంతకం చేసిన కీ ఎవరిదో, ఫాలో పంపినట్టు లోపల రాసి ఉన్న యాక్టర్ ఎవరో ఒకరేనని తప్పక సరిచూడండి. సంతకం చెల్లిందా లేదా అని మాత్రమే చూసి వదిలేస్తే, ఏ సర్వర్ నుంచి ఎవరైనా మీ సభ్యుల పేరు మీద సమ్మతి పంపగలరు. ఒక సభ్యుడు ఇంకొకరిని "నువ్వు కూడా రా" అని బాట్ ద్వారా అడిగే వసతి పెడితే, ఒక మనిషికి జీవితంలో ఒక్క డీఎం మాత్రమే వెళ్లాలి. లేకపోతే ఆ బాట్‌తోనే వేధిస్తారు.

ఒప్పుకున్న మనిషి పోస్టుల్లో కూడా ఏది దాటాలన్నది యాక్టివిటీలో ఎవరికి పంపాలో చెప్పే టూ, సీసీ గడులను చూసి తేల్చాలి. పబ్లిక్ చిరునామా (అందరికీ అన్న గుర్తు) టూలో ఉంటే పబ్లిక్. సీసీలో ఉంటే అది క్వయిట్ పబ్లిక్, పాత పేరు అన్‌లిస్టెడ్. రెండింటిలోనూ లేకపోతే ఫాలోయర్లకో, నేరుగా ఒకరికో రాసింది. తరచూ కనబడే బగ్ ఏమిటంటే రెండు గడులనూ కలిపి వెతకడం, దాంతో క్వయిట్ పబ్లిక్ కూడా దాటిపోతుంది. ఆ బటన్ ఎంచుకున్న మనిషి ఉద్దేశమే ఎక్కువమంది కళ్లలో పడకూడదని, కాబట్టి దాన్ని పంపకండి. పబ్లిక్ చిరునామాను మూడు రూపాల్లో రాస్తారు: పూర్తి యూఆర్ఎల్, ఏఎస్ కోలన్ పబ్లిక్, ఒట్టి పబ్లిక్. ఈ మూడింటికీ సరిపోలనిది ఏది వచ్చినా వద్దు అన్న వైపే పడాలి. ఫాలోయర్లకు మాత్రమే రాసినది బ్లూస్కైలో పెట్టడానికి చోటే లేదు, అక్కడ అలాంటి పోస్టు రకమే లేదు. ఏ సెట్టింగ్‌తోనూ అది దాటకూడదు.

సమ్మతి ఉందా లేదా అని పోస్టు మీ దగ్గరికి వచ్చినప్పుడు చూస్తే చాలదు, అవతల రాసే క్షణంలో చూడాలి. మీ బ్రిడ్జ్ కాసేపు పడిపోతే మాస్టడాన్ సైడ్‌కిక్ క్యూ, అంటే పంపాల్సినవాటిని వరసలో పెట్టుకునే భాగం, మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. నిన్న రాసిన పోస్టు, ఈ ఉదయం సమ్మతి వెనక్కి తీసుకున్నాక మీ గుమ్మం ముందుకు రావచ్చు. పోస్టు తేదీని సమ్మతి తేదీతోనూ పోల్చండి, ఒప్పుకున్న తర్వాత రాసినవే వెళ్లాలి. లేకపోతే మూడేళ్ల పాత పోస్టును ఎవరో బూస్ట్ చేస్తే అది పొరపాటున దాటిపోతుంది. ఔను అన్న జవాబును రెడిస్ అనే తాత్కాలిక నిల్వలో ఐదు నిమిషాలు దాచిపెట్టుకోవడం కూడా ఇదే కోవ తప్పు.

బ్యాకప్ సంగతి దాదాపు ఎవరూ ఆలోచించరు. ఆదివారం బ్యాకప్‌ను బుధవారం రిస్టోర్ చేశారనుకోండి. సోమ, మంగళవారాల్లో వద్దన్నవాళ్లందరూ మళ్లీ ఔనన్నవాళ్లయిపోతారు. వెనక్కి తీసుకున్న ప్రతి సమ్మతినీ డేటాబేస్ బయట, వేరే మెషీన్‌లో, చేర్చడమే తప్ప చెరపడం లేని ఫైల్‌లో రాయండి. రిస్టోర్ అయ్యాక ఆ ఫైల్‌ను నడిపించాకే క్యూలు తెరవండి.

ఇక సొంత బ్రిడ్జ్ కోసం అడిగే నోటీసు. మాస్టడాన్ అడ్మిన్‌లో ఉండే అనౌన్స్‌మెంట్ ఒక్కటి సరిపోదు, సగం మంది దాన్ని చూడకుండానే మూసేస్తారు. డీఎం పంపండి. మాటలు ఇంచుమించు ఇలా ఉంటే చాలు:

"మీ పబ్లిక్ పోస్టులను ఇకనుంచి బ్లూస్కైలో కూడా చూపించమంటారా? ఔనంటే ఈ బాట్‌ను ఫాలో అవండి. ఏమీ చేయకపోతే ఏమీ మారదు, మీ ఖాతా ఇప్పుడున్నట్టే ఉంటుంది. ఔనంటే జరిగేవి: బ్లూస్కైలో మీ పేరుతో ఒక కాపీ ఖాతా వస్తుంది. అక్కడి మీ పోస్టులు ఎవరికైనా సెర్చ్‌లో దొరుకుతాయి. ఇక్కడ మీరు దిద్దితే అక్కడి పాత కాపీ తీసేసి కొత్తది పెడతాం. క్వయిట్ పబ్లిక్, ఫాలోయర్లకు రాసినవి, డీఎంలు వెళ్లవు. పాత పోస్టులు వెళ్లవు. మీ బ్లాక్‌లను అక్కడ బయటపెట్టం, కానీ మీరు బ్లాక్ చేసినవాళ్లు అక్కడ మీ పోస్టులు చదవగలరు. ఎప్పుడైనా బాట్‌ను అన్‌ఫాలో చేస్తే ఆపేసి కాపీలు తీసేస్తాం. ఈలోపు వేరేవాళ్లు దాచుకున్నవాటిని మేం తీయలేం. మీ హ్యాండిల్ ఒక పబ్లిక్ లాగ్‌లో మిగిలిపోతుంది."

ఇందులో తీపి మాటలేమీ లేవని మీకు అనిపిస్తే, సరిగ్గానే రాశారన్నమాట. ఇంగ్లిష్ పాఠం కూడా జత చేయండి, బెంగళూరులో పెరిగిన పిల్లల్లో తెలుగు మాట్లాడతారే గాని చదవలేనివాళ్లు చాలామంది.

వెనక్కి తీసుకోవడంలో వరస ముఖ్యం. ముందు గేటు మూయాలి, అంటే సమ్మతి టేబుల్‌లో వద్దు అని పడాలి. తర్వాత ఆ మనిషి పేరు మీద క్యూలో ఉన్నవన్నీ తీసేయాలి. తర్వాత కాపీ ఖాతాను డీయాక్టివేట్ చేయాలి, దాంతో రిలేలకూ యాప్‌కూ ఒకే సంకేతంతో తెలుస్తుంది, పోస్టులన్నీ కనబడటం మానేస్తాయి. ఆ తర్వాతే ఒక్కో రికార్డునూ తొలగించుకుంటూ వెళ్లాలి. ఈ చివరి పని మొదట చేస్తే ఏమవుతుందో లెక్క చూడండి. బ్లూస్కై కంపెనీ సొంత పీడీఎస్‌లలో (ఖాతాల డేటా ఉండే సర్వర్లలో) ఖాతాకు గంటకు 5000 పాయింట్లు, రోజుకు 35000 పరిమితి. రికార్డు సృష్టించడానికి 3, మార్చడానికి 2, తొలగించడానికి 1. పన్నెండు వేల పోస్టులున్న మనిషివి తొలగించడం గంటల పని, అంతసేపూ సగం పోస్టులు కనబడుతూనే ఉంటాయి. సొంత పీడీఎస్ అయితే పరిమితులు మీ చేతిలో ఉంటాయి, కాని వరస అదే.

బ్లూస్కై నుంచి ఇటు వచ్చిన ఖాతాను తీసేటప్పుడు యాక్టర్ డిలీట్ (ఖాతా తీసేశామన్న సందేశం) పంపి, ఆ చిరునామాకు 410 (ఇక లేదు) అన్న జవాబివ్వాలి. 404 (దొరకలేదు) ఇస్తే చాలా సర్వర్లు తాత్కాలికమైన ఇబ్బంది అనుకుంటాయి. మళ్లీ మనసు మార్చుకుని వస్తే అదే చిరునామా అన్నిచోట్లా పనిచేస్తుందన్న హామీ లేదు, ఫాలోయర్లు ఎలాగూ పోతారు. అందుకే ఆపడం, చెరపడం రెండు వేరే బటన్లుగా ఉంటే మంచిది.

అన్నిటికంటే చిక్కైనది ఒప్పుకోనివాళ్లు ఒప్పుకున్నవాళ్ల సంభాషణలో ఉండటం. లక్ష్మి ఔనంది, రవి ఏమీ అనలేదు. లక్ష్మి పోస్టుకు రవి జవాబిచ్చాడు, అది దాటకూడదు, ఇంతవరకూ అందరూ సరిగ్గానే చేస్తారు. ఇప్పుడు రవి జవాబుకు లక్ష్మి బదులిచ్చింది: "లేదు రవీ, మీ కోరమంగళ ఆఫీసులో లేఆఫ్‌లు ఉన్నాయని నువ్వే కదా చెప్పావు." ఇది లక్ష్మి పోస్టే, ఆమె ఒప్పుకుంది కూడా. దాన్ని పంపితే రవి చెప్పింది రవి పేరుతో సహా బయటికి పోయింది. కాబట్టి దాటని పోస్టుకు ఇచ్చిన జవాబు దాటకూడదు. అది ఎంత లోతులో ఉన్నా పై గొలుసంతా చూడాలి. పోస్టులో ఒప్పుకోనివాళ్ల మెన్షన్ ఉంటే, లింకు తీసేసి పేరు ఒట్టి అక్షరాలుగా ఉంచడం కొందరి పద్ధతి. నా దృష్టిలో అది చాలదు, సర్వర్ పేరుతో ఉన్న హ్యాండిల్‌ను ఎవరైనా పట్టుకోగలరు. హ్యాండిల్‌ను పూర్తిగా తీసి "ఒక సభ్యుడు" అని పెట్టండి, లేదా ఆ పోస్టును ఆపండి. రవి పోస్టును లక్ష్మి బూస్ట్ చేస్తే ఆ బూస్ట్ కూడా ఆగాలి. లక్ష్మి స్క్రీన్‌షాట్ పెడితే మాత్రం ఏ బ్రిడ్జ్ ఏమీ చేయలేదు.

దీనివల్ల బ్లూస్కైలో లక్ష్మి సంభాషణలు చిల్లులు పడినట్టు కనబడతాయి, సగం జవాబులు మాయమవుతాయి. డెవలపర్లకు ఇది బగ్‌లా అనిపించి "సరిచేద్దాం" అంటారు. ఒప్పుకోవద్దు.

చట్టం గురించి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికని, తెలిసి, షరతు లేకుండా, అనుమానానికి తావు లేకుండా, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలి. ఇవ్వడం ఎంత సులభమో వెనక్కి తీసుకోవడం కూడా అంత సులభంగా ఉండాలి. నోటీసును ఇంగ్లిష్‌లో గాని 8వ షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా గాని చదువుకునే వీలుండాలి, తెలుగు అందులో ఉంది. నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత అమల్లోకి వస్తాయి. మనిషి తానే బహిరంగపరచిన సమాచారానికి 3వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది కాబట్టి పబ్లిక్ పోస్టులకు ఇది వర్తించదని మీ డెవలపర్లు అనొచ్చు, ఆ మాటలో బలం ఉంది కూడా. కాని మీ దగ్గర ఉండే ఈమెయిళ్లు, ఐపీ చిరునామాలు, క్యూలోకి పొరపాటున వచ్చిన ఫాలోయర్ల పోస్టులు ఆ మినహాయింపులోకి రావు. 18 ఏళ్ల లోపువాళ్లకు తల్లిదండ్రుల ధ్రువీకరించిన సమ్మతి కావాలి. ఆ బాదరబందీ ఎందుకు, మైనర్లకు బ్రిడ్జ్ లేదనండి.

సైన్ అప్ ఫారంలో బ్రిడ్జ్ పెట్టెను చేర్చొచ్చు, ముందే టిక్కు పెట్టకుండా. "మా సర్వర్‌లో చేరితే బ్రిడ్జ్‌కు ఒప్పుకున్నట్టే" అన్న నియమం మాత్రం రాయకండి.

నడిపే ముందు మూడు ఖాతాలతో పరీక్షించండి: ఒప్పుకున్నది ఒకటి, ఒప్పుకోనిది ఒకటి, బ్లూస్కైలో ఒకటి. మొదటిదాంతో పబ్లిక్, క్వయిట్ పబ్లిక్, ఫాలోయర్లకు, డీఎం, వార్నింగ్ ఉన్నది, 300 దాటిన తెలుగు పోస్టు పెట్టండి. రెండోదానికి జవాబివ్వండి, మెన్షన్ చేయండి, బూస్ట్ చేయండి. దిద్దండి, తొలగించండి, మూడోదాన్ని బ్లాక్ చేయండి. తర్వాత బ్రిడ్జ్‌ను ఆపి, ఇంకో పోస్టు పెట్టి, సమ్మతి వెనక్కి తీసుకుని, బ్రిడ్జ్‌ను మళ్లీ నడిపించండి. ఆ పోస్టు అవతల కనబడిందంటే కోడ్ ఇంకా సిద్ధం కాలేదు. చూడటం బ్లూస్కై యాప్‌లోనే కాదు, నేరుగా రిపాజిటరీలోని రికార్డులను కూడా తెరిచి, ఒప్పుకోని ఖాతా పేరు ఎక్కడైనా ఉందేమో వెతకండి. యాప్ చూపించని గడుల్లోనే, ముఖ్యంగా బొమ్మల ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మను వర్ణించే మాటల్లో), లింక్ కార్డుల్లో పేర్లు దాగి ఉంటాయి.

మీ రెండో ప్రశ్న, ఇప్పటికే సొంతంగా కలుపుకున్నవాళ్ల గురించి. వాళ్లను వదిలేయండి. అడ్మిన్‌లోకి వెళ్లి బ్రిడ్జీ ఫెడ్ వాడే బ్రిడ్.జీవై డొమైన్‌ను సస్పెండ్ చేస్తే సబ్‌డొమైన్లతో సహా అందరికీ తెగిపోతుంది, వాళ్ల ఫాలో బంధాలూ పోతాయి. అడగకుండా అందరినీ కలపడం ఎలా తప్పో, అడగకుండా అందరినీ తెంచడం కూడా అలాంటిదే. కాకపోతే వాళ్లకు ఒక డీఎం పంపండి: ఎడిట్ చేసినా బ్లూస్కైలో పాత పాఠం మిగలొచ్చని, ఫోన్ నంబరు లాంటిది పొరపాటున పెడితే దిద్దడం కాకుండా పోస్టునే తొలగించి మళ్లీ రాయమని. మీ డెవలపర్ల బ్రిడ్జ్ కూడా నడిస్తే ఆ ఖాతాలను దానిలోంచి ముందే మినహాయించండి, లేకపోతే బ్లూస్కైలో ఒకే మనిషి ఇద్దరుగా కనబడతాడు. అందులో ఏ కాపీని ఆపుకోవాలో తెలియక చివరికి మీకే ఫోన్ చేస్తాడు.